ఇంటి గుట్టు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంటి గుట్టు గారి సముఖమునకు, నరసాపురం నుంచి ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ అందరమూ క్షేమం. తమరి క్షేమం ప్రత్యేకంగా అడగనక్కరలేదు. వరదలకు గోదావరి గట్టు తెగిందని విన్నాను గాని, తమరి గట్టుకు గండి పడిందని ఎన్నడూ వినలేదు.

నన్ను తమరు గుర్తుపట్టే ఉంటారు. పదవీ విరమణ తరువాత ఊరికే కూర్చోలేక, స్త్రీలపై హింసకు సంబంధించిన ప్రభుత్వ విధానాలను పరిశీలించే ఒక చిన్న బృందంలో జీతం లేని గుమాస్తాగా చేరాను. ప్రశ్నావళిని తెలుగు చేయడం, కరపత్రాలు రాయడం, ఇంటింటికీ తిరిగి తెచ్చిన జవాబులను పట్టికకెక్కించడం నా వంతు. ఈ మూడు పనుల్లోనూ తమరు నాకు అడ్డం వచ్చారు. అందుకు నాకు కోపం లేదు. ఒక్క రూపాయి ఆశించకుండా, పండగకైనా సెలవు పెట్టకుండా, తరతరాలుగా ఇంత నిష్ఠతో పనిచేస్తున్న స్వచ్ఛంద కార్యకర్త మా బృందంలో ఒక్కరూ లేరే అని కాస్త ఈర్ష్య మాత్రం ఉంది.

మొదటి తగువు మాట దగ్గరే వచ్చింది. పట్నం నుంచి వచ్చిన కాగితంలోని ‘జెండర్ బేస్డ్ వయొలెన్స్’ అన్న పేరును నేను ‘లింగాధారిత హింస’ అని తెలుగు చేశాను. సంధి నిర్దుష్టం, సమాసం నిర్దుష్టం. అయితే పంచారామాల్లో నాలుగు వెలసిన ఈ గోదావరి జిల్లాల్లో లింగమనగానే జనం మనసు ఎటు పోతుందో, ఇన్నేళ్లు పాఠం చెప్పినదాన్ని, నేనే ముందు ఆలోచించుకోవలసింది. ఒక పెద్దావిడ చెంపలు వేసుకుని, “ఏ గుళ్లో జరిగిందండీ ఈ ఘోరం?” అని అడిగింది. ఆ మాట కొట్టేసి ‘గృహ హింస’ అని రాశాను. అదీ నడవలేదు. “మీ వారు మిమ్మల్ని ఎప్పుడైనా శారీరక హింసకు గురిచేశారా?” అని అడిగితే, గోదావరి పాయల నడుమ ఉన్న లంక గ్రామాల్లో ఏ ఇంట చూసినా ఒకటే జవాబు: “అబ్బే, అలాంటివేం లేవండి.”

మాకు శిక్షణ ఇచ్చిన అమ్మాయి అప్పుడు చెప్పింది: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హింస పేరెత్తి అడగరట, చేష్ట పేరెత్తి అడుగుతారట. తోశాడా, ఏదైనా విసిరాడా, చెంప మీద కొట్టాడా, చెయ్యి మెలిపెట్టాడా, జుట్టు పట్టి లాగాడా, తన్నాడా, గొంతు నులిమాడా అని ఒక్కొక్కటే అడగాలి. సరే అని నేను నా సంస్కృతాన్ని సంచిలో పెట్టి, “ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారాండీ?” అన్నాను. అదే మనిషి, అదే అరుగు, చేతిలో అదే లేసు సూది. “ఆయ్, అదాండీ? అది మామూలేనండి, తాగొచ్చినప్పుడు ఓ రెండు తగిలిస్తారు. హింసంటే ఏంటో అనుకున్నానండి” అంది. తమరు ఎంత తెలివైనవారో నాకు ఆ రోజు అర్థమైంది. తమరు తలుపు దగ్గర కాపలా ఉంటారనుకున్నాను; తమరు ఉన్నది నిఘంటువులో.

తలుపు దగ్గర కూడా లేకపోలేదు. ఈ ప్రశ్నలు అడగవలసిన పద్ధతి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో భద్రతా సూచనలు ప్రచురించింది. ఇంట్లో ఒక్క స్త్రీనే అడగాలి, ఏకాంతంలో అడగాలి, ఇది హింస మీద సర్వే అని ఇంటిల్లిపాదికీ చాటకూడదు, మధ్యలో ఎవరైనా వస్తే వెంటనే మాట మార్చాలి అని అందులో ఉంది. జెనీవాలో కూర్చుని ఆ సూచనలు రాసినవారు గోదావరి జిల్లాల మర్యాద రుచి చూసి ఉండరు. మా వైపు ఇంటికొచ్చిన మనిషిని ఒంటరిగా వదిలేయడం కంటే తప్పు మరొకటి లేదు. కోడలిని ప్రశ్నలడగడానికి నేను వెళితే అత్తగారు కుర్చీ వేస్తారు, మామగారు బొండం కొట్టిస్తారు, ఆడపడుచు విసనకర్ర అందుకుంటుంది, తోటికోడలు కాఫీ తెచ్చి గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడుతుంది. ఇంత ఆదరణ మధ్య ఏకాంతం ఎక్కడ దొరుకుతుందండీ? ‘సంసారం గుట్టు, రోగం రట్టు’ అన్న సామెతలో మొదటి సగం తమరి పేరున పట్టా అయింది కాబట్టి, మేము రెండో సగం పట్టుకుని, ఆరోగ్యం సర్వే అంటూ లోపలికి వచ్చాము. అత్తగారి గాజుల చప్పుడు వినిపించగానే నేను రక్తహీనత పుటకు తిప్పేదాన్ని. మునగాకు గురించి నేను ఆ లంకల్లో చెప్పినంత ఏ వైద్యుడూ చెప్పి ఉండడు.

తమరి ప్రతిభకు లెక్కలు కూడా ఉన్నాయి, చిత్తగించండి. 2019-21 నాటి అయిదవ జాతీయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో నూటికి 30 మంది భర్త చేతిలో హింస చూసినవారే. ఇది నోరు విప్పి చెప్పినవారి లెక్క. అదే సర్వేలో దేశం మొత్తం మీద, శారీరక హింసో లైంగిక హింసో అనుభవించిన స్త్రీలలో నూటికి దాదాపు 77 మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూలేదు. 77 మార్కులు వస్తే మా బడిలో డిస్టింక్షన్ ఇచ్చేవాళ్లం. ఇంకా ఉంది. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, ఎదురు చెప్పడం వంటి ఏడు కారణాలు చదివి వినిపిస్తే, వాటిలో కనీసం ఒక్కదానికైనా భర్త కొట్టడం న్యాయమేనని మన రాష్ట్రంలో సుమారు 84 శాతం మంది స్త్రీలు ఒప్పుకున్నారు. కూర మాడితే దెబ్బ న్యాయమట! బడిలో పిల్లలను కొట్టడాన్ని చట్టం నిషేధించినప్పుడు మా ఉపాధ్యాయుల గదిలో జరిగినంత చర్చ అయినా ఈ 84 మీద జరగలేదు.

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని తమరి తరపున వాదించేవారు వశిష్ఠ గోదావరికి ఇవతలా అవతలా బోలెడుమంది ఉన్నారు. లంకల్లో బతికేవాళ్లం కదా, ఈ సామెత మాకు మరీ దగ్గరిది. కాని ఆ లంక కథలో గుట్టు ఏమిటి? రాజుగారి తోటలో, చెట్టు కింద, బలవంతాన తెచ్చిన పరాయి స్త్రీ ఏడుస్తూ కూర్చుంది. లంక చెడింది ఆ పని వల్ల. చెడ్డపేరు వచ్చింది మాత్రం నోరు విప్పిన విభీషణుడికి. ఇన్ని యుగాలైనా ఆ ఇంటిని తప్పుపట్టే సామెత ఒక్కటీ మనం పుట్టించుకోలేదు.

ఇతరుల మీద రాళ్లు వేయడం తేలిక కనుక నా సంగతీ చెబుతాను. సర్వేకు వెళ్లేముందు కార్యకర్తలు ఒకరినొకరు ప్రశ్నించుకుని అభ్యాసం చేయాలి. “మీ సంపాదన ఎలా ఖర్చుపెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు?” అన్న ప్రశ్నకు నేను తడుముకోకుండా “ఇద్దరం కలిసి” అన్నాను. నిజమే. బ్యాంకు కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో మావారు వేలితో చూపించేవారు, నేను అక్కడే పెట్టేదాన్ని. ఆర్థికంగా కట్టడి చేయడం కూడా గృహ హింసే అని చెప్పే 2005 నాటి గృహ హింస చట్టాన్ని తెలుగు చేసింది నేనే, తమరు మాత్రం నా నాలుక మీదే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఇక కరపత్రం. ఆ చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది, దానికి విస్తృతంగా ప్రచారం చేయించే బాధ్యత ప్రభుత్వాలదేనని అందులోని 11వ సెక్షనే చెబుతోంది. అందుకని నేను ఉత్సాహంగా తొలి విచారణ సాధారణంగా 3 రోజుల్లో, పరిష్కారం 60 రోజుల్లో అని ముద్రించాను. ఆ గడువుల మాట కోర్టు మెట్లెక్కినవారికే తెలియాలి. ఎర్రటి అక్షరాలతో ‘గృహ హింసను సహించకండి’ అన్న శీర్షిక ఉన్న ఆ కాగితాన్ని ఒక్క ఆడమనిషీ ఇంటికి తీసుకువెళ్లలేదు. చీర మడతలో అది దొరికితే ఆ రాత్రి ఏమవుతుందో వాళ్లకు తెలుసు, రాసిన నాకు తెలియలేదు. రెండోసారి మునగాకు, బెల్లం, ఐరన్ మాత్రల గురించి అచ్చు వేయించి, అడుగున 181 అన్న స్త్రీల సహాయ ఫోను అంకె మాత్రం ఉంచాము. వాళ్లు చట్టం గురించి నన్ను అడిగిన ప్రశ్న కూడా ఒకటే: “ఇల్లు మామగారి పేరున ఉంటే పొమ్మంటారు కదండీ?” పేరు ఎవరిదైనా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉందని 17వ సెక్షన్ చెబుతుంది, అత్తమామల పేరున ఉన్న ఇంటికి కూడా అది వర్తించవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చింది. నా పాత కరపత్రంలో ఈ సంగతి నాలుగో పుటలో, చిన్న అక్షరాల్లో, సమాసాల కింద నలిగిపోయి ఉంది.

చివరగా ఒక రహస్యం విన్నవించుకుంటాను. రహస్యాలు తమరికి ఇష్టం కదా. మొన్న సఖినేటిపల్లి నుంచి తిరిగి వస్తూ ఏరు దాటించే పంటు ఎక్కాను. మోటారు సైకిళ్ల మధ్య, లేసు సంచి ఒళ్లో పెట్టుకుని ఒకామె నా పక్కన కూర్చుంది. నా చేతిలోని కాగితం చూసి, రేవు వదిలాక, నేను ఏమీ అడగకుండానే, నీళ్లవైపు చూస్తూ మొత్తం చెప్పింది. మా ప్రశ్నావళిలోని ప్రతి గడికీ అందులో జవాబు ఉంది. ఇంజను చప్పుడుకు మూడో మనిషికి వినబడలేదు. తమరు పంటు ఎక్కరనుకుంటాను, టిక్కెట్టు దండగని కాబోలు.

ఆ మాటలు పట్టికకెక్కించబోతే, ఆమె మనం ఎంచుకున్న నమూనాలోని ఇంటి మనిషి కాదు కాబట్టి కుదరదని మా బృందంలో లెక్కలు చూసే అబ్బాయి చెప్పాడు. అతను చెప్పింది శాస్త్రసమ్మతమే. కనుక తమరు కంగారుపడనక్కరలేదు, ఆమె ఏ లెక్కలోనూ లేదు.

అంకె కాగితం మీద రాసివ్వనా అని అడిగితే ఆమె వద్దంది. సంచిలోంచి సూది తీసి, ఒక కుట్టు వేసి ఆగి, ఎనిమిది వేసి ఆగి, మళ్లీ ఒకటి వేసి, దారం తెంపకుండా మడిచి లోపల పెట్టుకుంది.

ఇట్లు,
తమరి ఇంట్లోనే చిరకాలంగా కాపురమున్న
ఒక స్వచ్ఛంద కార్యకర్త