మహారాజశ్రీ పదిహేడు గారికి

మహారాజశ్రీ గౌరవనీయులైన ‘లీటరుకు పదిహేడు కిలోమీటర్లు’ గారి దివ్య సముఖమునకు,

మదనపల్లె నుంచి తమరి పాత భక్తుడు చేయు నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం, ఒక్క డీజిల్ ట్యాంకు తప్ప. కంపెనీ చెప్పే మైలేజీ అంకెగా తమరు షోరూము గోడ మీద, ఏసీ గాలికి చల్లగా క్షేమంగానే ఉండి ఉంటారని తలుస్తాను. ఎండకు రారు, వానకు రారు, ఘాట్ రోడ్డుకు అసలే రారు.

ఈ ఉత్తరం మంగళవారం రాత్రే రాయాల్సింది. చేతులకు డీజిల్ కంపు వదలక ఆగాను.

జరిగింది మనవి చేసుకుంటాను. ఆ రోజు తెల్లారేసరికి నా పికప్పు బండిలో అరవై బాక్సుల టమోటా తిరుపతికి తోలాను. బాక్సు 25 కిలోలు. దించేశాక ఖాళీగా రావడమెందుకని, అక్కడ ఇల్లు ఖాళీ చేస్తున్న మా బావమరిది సామాను ఎక్కించుకున్నాను. బీరువా, దీవాన్ మంచం, గిన్నెల మూటలు, వాటన్నిటి మీదా వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు. ఖాళీదే. ఇద్దరం పట్టుకుని అవలీలగా పైకెత్తేశాం. బరువు లేని వస్తువు కూడా బండిని వెనక్కి లాగుతుందని రోడ్డెక్కాకే తెలిసింది. క్యాబిన్ కంటే నాలుగడుగులు పైకి లేచి, ఎదురుగాలినంతా మా పెళ్లి ఊరేగింపులో పెదనాన్న దండలు వేయించుకున్నట్టు ఆపి ఆపి స్వీకరించింది.

బయల్దేరేటప్పుడు నా లెక్క ఇదీ. ట్యాంకులో 15 లీటర్లున్నాయి. తమరి మాట ప్రకారం పదిహేను పదిహేడులు 255. పోనూ రానూ 250. ఇంకా ఐదు కిలోమీటర్లు మిగులు. మర్నాడు చింతామణి బాడుగ ఉంది కాబట్టి, సరిహద్దు దాకా సరిపడా ఒక లీటరో రెండో పోయించుకుని, చీకలబైలు దాటి కర్ణాటకలో ఫుల్ కొట్టిస్తే లీటరు మీద నాలుగు డబ్బులు కలిసొస్తాయి. ఇంత పకడ్బందీ ప్లాను మా ఇంట్లో పెళ్లిళ్లకు కూడా వేయలేదు.

చంద్రగిరి దగ్గర బంకు కనబడింది. “బావా, బల్బు వెలుగుతా ఉండాది. ఇక్కడే కొట్టిద్దామా?” అన్నాడు బావమరిది.

“ఇది పదిహేడిచ్చే బండిరా” అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

భాకరాపేట ఘాట్ సగంలో, మధ్యాహ్నం రెండు గంటలకు, బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ముక్కు పైకెత్తేసరికి ట్యాంకులో మిగిలిన కాస్త డీజిలూ వెనక్కి జారిపోయినట్టుంది. వెనక టైర్లకు రాళ్లు పెట్టి, ఎవరిదో బైకు ఆపి భాకరాపేట వెళ్తే, బంకులో ప్లాస్టిక్ బాటిల్లో పోసేది లేదన్నారు. పంక్చర్ షాపాయన దగ్గర క్యాను అడిగితే వంద రూపాయలు డిపాజిట్ కట్టమన్నాడు. డీజిల్ తెచ్చి పోస్తే బండి కదలదు. పైపుల్లో గాలి పట్టింది. ఫిల్టర్ దగ్గర చేతిపంపు నొక్కి నొక్కి, బొటనవేలి మీద తోలు లేచింది. బావమరిది సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ నీరసించింది. చివరికి ఒక లారీ డ్రైవరన్న దిగి, పది నిమిషాల్లో గాలి తీసేసి, “మైలేజీ లెక్కేసుకుని బయల్దేరినావా అన్నా?” అని అడిగాడు. ఎట్లా కనిపెట్టాడో! ముఖం మీద రాసి ఉంటుందేమో.

అప్పుడు మీటరు చూశాను. తెల్లారి నుంచి 165 కిలోమీటర్లు. 15 లీటర్లు. భాగించండి.

పదకొండు.

తమరి పేరు మీద ఒక చిన్న చుక్క (*) ఉంటుంది. కొనేటప్పుడు దాన్ని నేను చూశాను, ముద్రణ దోషమనుకున్నాను. అశ్వని, భరణి, కృత్తిక మొదలుకుని రేవతి దాకా 27 నక్షత్రాలు నాకు నోటికి వచ్చు. ఇది ఇరవై ఎనిమిదోదని తెలియదు. కాగితం అడుగున, చీమ కూడా కళ్లద్దాలు పెట్టుకుని చదవాల్సిన అక్షరాల్లో దాని ఫలం రాసుంది: ‘ప్రామాణిక పరీక్షా పరిస్థితుల్లో’. ఆ పరిస్థితులు ఏ ఊళ్లో ఉంటాయో, అక్కడికి బాడుగ దొరుకుతుందేమో కనుక్కుందామని మా అన్న కొడుకును అడిగాను. వాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నాడు. వాడు చెప్పిందాని తర్వాతే నాకు నిద్ర పట్టడం మానేసింది.

ఆ పరీక్ష రోడ్డు మీద జరగదట. గదిలో రోలర్ల మీద బండిని నిలబెట్టి, చక్రాలు మాత్రం తిప్పుతారట. దానికొక పేరు, మోడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్. మొత్తం 1,180 సెకన్లు. ఇరవై నిమిషాలకు ఇరవై సెకన్లు తక్కువ. పోయే దూరం పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు, సగటు వేగం గంటకు 32. మా టమోటా మార్కెట్ యార్డు గేటు దగ్గర క్యూలో నిలబడే టైముకు వాళ్ల పరీక్ష రెండుసార్లు అయిపోతుంది. గాలి అడ్డును యంత్రమే లెక్కగట్టి రోలర్ల మీద వేస్తుందట. మంచిదే. కానీ అది పైన ఏమీ లేని బండి మోసే గాలి. నీళ్ల ట్యాంకు మోసే గాలి కాదు.

ఇదంతా ఓర్చుకున్నాను. గది పరీక్ష గదిలాగే ఉంటుంది, ఘాట్ రోడ్డును గదిలోకి తెమ్మని ఎవరడుగుతారు?

“మరి లోడు ఎంత పెడతారు?” అన్నాను.

“ఖాళీ బండి బరువుకు 150 కిలోలు కలుపుతారు చిన్నాయనా.”

“అది డ్రైవరు కదా. లోడు?”

“డ్రైవరుతో కలిపే 150.”

పదిహేడు గారూ, ఒక్క నిమిషం. ఇది లోడు బండి. సరుకు మోయడానికి పుట్టింది. మీ కాగితం మీదే, మీ పక్క గడిలోనే, టన్నున్నర మోస్తుందని రాశారు. ఆ గడిలో ఉన్న మాటకూ మీకూ మాటల్లేవా? పక్కపక్క ఇళ్లలో ఉంటూ మొహాలు చూసుకోరా? 150 కిలోలంటే నేనూ మా బావమరిదీ. వాడు ఈ మధ్య ఒళ్లు చేశాడు కాబట్టి మా ఇద్దరితోనే సరిపోతుంది. టమోటాల్లో చెప్తే ఆరు బాక్సులు. ఆరు! ఆరు బాక్సులకు పికప్పు ఎవడు మాట్లాడతాడు? మా ఊరి పాలాయన ఎక్సెల్ మోపెడ్ మీద అంతకంటే ఎక్కువ కట్టుకుని, సెల్‌ఫోన్లో మాట్లాడుతూ పోతాడు. గాడిదకు మైలేజీ పరీక్ష పెట్టినా వీపు మీద ఒక మూట వేసి చూస్తారు.

ముస్తాబు చేసిన పెళ్లికొడుకును కూర్చోబెట్టి “ఈయన ఎంత బరువైన సంసారమైనా మోస్తాడు” అని చెప్పి, చేతికి ఒక తమలపాకు ఇచ్చి నడిపించి చూపించినట్టుంది.

సరే, డబ్బు సంగతి మాట్లాడదాం. నెలకు మూడు వేల కిలోమీటర్లు తిరుగుతాను. నీ లెక్కన 176 లీటర్లు. నా లెక్కన 272. తేడా 96 లీటర్లు, ప్రతి నెలా. మా రేటుకు తొమ్మిది వేల పైమాటే. ఐదో తారీఖున ఫైనాన్సు వాళ్ల ఫోను వచ్చినప్పుడల్లా నాకు ఆ 96 లీటర్లే గుర్తొస్తాయి. నేను తాగలేదు. నువ్వు తాగావా?

నీలో ఇంకో మాయ ఉంది. అది నోటుబుక్కు రాయడం మొదలుపెట్టాకే అర్థమైంది. నువ్వు పదిహేడు నుంచి పదిహేనుకు దిగితే నాకు నెలకు 24 లీటర్లు పోతాయి. పదకొండు నుంచి తొమ్మిదికి దిగితే? అక్కడా తగ్గింది రెండే కదా అనుకుంటాం. అరవై లీటర్లు! కిందికి పోయేకొద్దీ ఒక్కొక్క మెట్టూ లోతు. అందుకే లీటరుకు ఎన్ని కిలోమీటర్లని కాకుండా, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని అడగాలి. అట్లా అడిగితే నీకు గోడ మీద చోటుండదు.

నా తప్పులు లేవనను. బావమరిది మాట విననిది నేనే. వెనక కమాన్ స్ప్రింగు కట్టలో రెండు పట్టీలు అదనంగా వేయించింది నేనే, ముందర ఇనుప గార్డు బిగించింది నేనే, పండక్కి రంగురంగుల లైట్లు పెట్టింది మా వాడైతే డబ్బులిచ్చింది నేనే. టైర్లలో గాలి చూపించడం నెలకోసారి గుర్తొస్తుంది. యార్డులో బండిలో పెట్టుకున్న సినిమా పాట ఆగిపోతుందని ఇంజిన్ ఆపకుండా కూర్చుంటాను. కదలని బండి ఎన్ని లీటర్లు తాగినా కిలోమీటర్లు సున్నాయే. ఒకసారి ఎడమ వెనక చక్రం బ్రేకు వదలకుండా పట్టుకుని ఉంటే, డ్రమ్ము మీద చెయ్యి కాలేదాకా వారం రోజులు బంకు వాళ్లను తిట్టాను. ఇక కొత్త బండ్లలో పొగగొట్టం దగ్గర మసి పట్టే డబ్బా ఒకటి ఉంది. అది నిండినప్పుడల్లా లోపలి మసిని కాల్చుకోవడానికి మళ్లీ నా డీజిలే కావాలి. సిగరెట్టు మానడానికి సిగరెట్టు కాల్చినట్టు.

గాలి సంగతి లారీ డ్రైవరన్న చెప్పిందే నిజం. “డెబ్బై దాటినావంటే నువ్వు గాలికి డబ్బు కడతాండావు అన్నా” అన్నాడు. ఇంటికొచ్చి అన్న కొడుకుతో లెక్క వేయించాను. వేగం 60 నుంచి 80కి పోతే గాలి అడ్డు 1.78 రెట్లవుతుందట. ఎత్తు సంగతీ వాడే చెప్పాడు. మదనపల్లె సముద్రమట్టానికి 700 మీటర్ల దరిదాపుల్లో ఉంది, తిరుపతి 160 దగ్గర. అంటే లోడుతో దిగి, ఖాళీగా ఎక్కుతాం. అందుకే పొద్దున పోయేటప్పుడు ముల్లు కదలదు, నువ్వు చెప్పింది నిజమే అనిపిస్తుంది. వచ్చేటప్పుడు అసలు రంగు బయటపడుతుంది. అప్పు తీసుకునేటప్పుడు దిగుడు, కట్టేటప్పుడు ఎక్కుడు.

టీకొట్టు దగ్గర కూడా నీ భక్తులే. మగవాళ్లు పెళ్లిచూపుల్లో జీతం చెప్పినట్టు చెప్తారు మైలేజీ. ఒకడు పదహారంటే పక్కవాడు పద్దెనిమిదంటాడు. ఫుల్ ట్యాంకు కొట్టించి, తిరిగి, మళ్లీ ఫుల్ కొట్టించి, పోసిన లీటర్లతో భాగించి చూసిన మొగోణ్ణి ఒక్కణ్ణి చూపించమను. నేను చూశాను. పద్నాలుగు నెలలు రాశాను, అయినా ఆ మంగళవారం నిన్నే నమ్మాను. బెంగళూరు లోడు 11.2. కలకడ రోడ్డు గుంతలు 10.1. వర్షంలో, పైన పట్ట గాలికి కొట్టుకుంటూ, 9.6. ఒక్కణ్ణే పుంగనూరుకు సర్వీసింగుకు పోయినప్పుడు 15.

దాని కింద ఇంకొకటి ఉంది. కార్తీక మాసంలో ఒక రాత్రి పీలేరు నుంచి ఆకుకూరల మూటలతో తిరుపతికి. రోడ్డు మీద పురుగు లేదు, చల్లగా ఉంది, ముందర ఆర్టీసీ బస్సు యాభైలో పోతుంటే దాని వెనకే, బ్రేకు తొక్కే పని లేకుండా, ఘాట్ అంతా గేరులోనే దిగాను. బంకులో పోయించి భాగిస్తే 16.4. బంకు కుర్రాణ్ణి పిలిచి చూపించాను. వాడికేం అర్థం కాలేదు, “సూపరన్నా” అన్నాడు. ఆ అంకె కింద రెండు గీతలు గీశాను. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ పేజీ తీసి చూస్తుంటాను. కనుక నువ్వు పూర్తిగా అబద్ధమనలేను. ఎక్కడో ఉన్నావు. ఆ రాత్రి పాయింట్ ఆరు దూరంలో ఆగిపోయావు.

కానీ ఆరు బాక్సులేందయ్యా, ఆరు బాక్సులు!

ఇట్లు,
తమరి విధేయుడు కాని
ఒక పికప్పు బండి ఓనరు కం డ్రైవరు

తా.క. నిన్న మధ్యాహ్నం టీకొట్టు దగ్గర వాయల్పాడు కుర్రాడొకడు నా బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి, “ఇదే మోడల్ తీసుకుందామనుకుంటాండా. మైలేజీ ఎంతిస్తాదన్నా?” అని అడిగాడు. పక్కన నలుగురున్నారు. అందరూ నా వైపే చూస్తున్నారు.

“పదిహేడు” అన్నాను.

అని ఆకాశంలోకి చూశాను. పట్టపగలు కదా, నక్షత్రాలేమీ కనబడలేదు.