వార్డెన్ సంతకం ఎవరి తరఫున?

డిప్రెషన్‌తో బాధపడే పదిహేనేళ్ల పిల్లవాణ్ని క్లినికల్ ట్రయల్‌లో, అంటే మందును మనుషుల మీద పరీక్షించి చూసే పరిశోధనలో చేర్చాలంటే హాస్టల్ వార్డెన్ సంతకం చాలదా అని ఒడిశా సరిహద్దు జిల్లాల్లో కొందరు చదువుకున్నవాళ్లే అడుగుతున్నారు. తల్లిదండ్రులు సూరత్‌లోనో కేరళలోనో కూలికి ఉన్నారట, ఫోనుకు దొరకరట, దొరికినా కాగితం చదవలేరట. వలస కుటుంబాల ఇబ్బంది నిజమే. అయినా చాలదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు అడిగేది తల్లిదండ్రుల, లేదా చట్టబద్ధ సంరక్షకుల అంగీకారం. దానికి తోడు ఎదిగిన పిల్లలు తమ సమ్మతి పత్రం మీద తామే సంతకం చేయాలి. అన్నం పెట్టి, హాజరు వేసినంత మాత్రాన వార్డెన్ సంరక్షకుడు కాడు.

ఈ సంతకం ఎంత దూరం తీసుకెళుతుందో మనకు తెలియనిదా? ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా కొసన మోటు దాటితే చింతూరు, ఆపైన భద్రాచలం. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఒక అధ్యయనంలో భాగంగా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయని, 1,948 మీద వేలిముద్రలున్నాయని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తేల్చింది. టీకా తర్వాత జరిగిన కొందరు పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. ఆ 2,763 సంతకాలు పెట్టే హక్కు వార్డెన్లకు ఎవరిచ్చారన్న ప్రశ్నకు మాత్రం ఆ మాట జవాబు కాదు.

ట్రయల్స్ వద్దని మేం అనడం లేదు. పెద్దలకు పనిచేసిన మందు పిల్లలకూ పనిచేస్తుందని ఊహించుకుంటే ఏమవుతుందో పరాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు చూపించింది. టీనేజర్లకు అది బాగా పనిచేస్తుందని 2001లో వచ్చిన పరిశోధన పత్రం చెప్పింది. అదే సమాచారాన్ని మళ్లీ పరిశీలించిన స్వతంత్ర పరిశోధకులు, మందు పనిచేయలేదనీ, ఆత్మహత్య ఆలోచనల వంటి హాని కూడా ఉందనీ 2015లో బయటపెట్టారు. డిప్రెషన్ మందులతో పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరికను మందు సమాచార పత్రంలో గడి కట్టి ముద్రించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే ఆదేశించింది. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో పిల్లవాడు నిద్రపోతున్నాడా, ఉన్నట్టుండి చిరాకు పడుతున్నాడా, చావు మాట ఎత్తుతున్నాడా అని కనిపెట్టి చూసే మనిషి పక్కన ఉండాలి. హాస్టల్ నిండా పిల్లలున్న వార్డెన్ ఒక్కడి మీద అంత కన్ను వేయగలడా? అంగీకార పత్రం మీద సంతకమంటే ఆ కాపలా బాధ్యత తలకెత్తుకోవడం కూడా.

ఇక ట్రయల్ ఎక్కడుందో వెతుక్కోవడం. దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు 2007లో మొదలైన సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) అనే ఆన్‌లైన్ జాబితాలో ఉంటాయి. 2009 నుంచి నమోదు తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, కానీ ఉన్నదంతా ఇంగ్లీషే. గుణుపురంలో, పర్లాకిమిడిలో తెలుగు మాట్లాడే తల్లి దాన్ని ఎలా చదవాలి? సమాచార పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. ఇక్కడ అర్థమయ్యే భాష అంటే ఒడియా ఒక్కటే కాదు. తెలుగు, గిరిజన భాషలైన కువి, సవర, కోయ కూడా. ట్రయల్ మాట ఎత్తినవారిని తల్లిదండ్రులు సీటీఆర్‌ఐ నంబరు అడగాలి, పాల్గొనేవారి భద్రత, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించమనాలి. మా వాడికి పోలిక కోసం ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి మాత్ర పడితే, ఈలోగా బాధ ముదిరితే ఏం చేస్తారో చెప్పమనాలి. హాని జరిగితే ఉచిత వైద్యం మీ హక్కు. మధ్యలో మానుకోవడమూ హక్కే, దానివల్ల మామూలు చికిత్స ఆగకూడదు. ట్రయల్ దొరికేదాకా పిల్లవాణ్ని ఊరికే ఉంచకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, బ్రహ్మపురం వైద్య కళాశాలకో విశాఖకో తీసుకెళ్లండి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేను పన్నెండు రాష్ట్రాల్లో చేశారు. వాటిలో ఒడిశా లేదు. లెక్కల్లోకి రాని పిల్లలు ట్రయల్‌కు మాత్రం వార్డెన్ సంతకంతో దొరికిపోవాలా? తండ్రి సూరత్‌లో ఉంటే సూరత్‌కు ఫోన్ చేయండి, పండక్కి ఊరొచ్చేదాకా ఆగండి, దుభాషిని వెంటబెట్టుకుని ఇంటికెళ్లండి. ఆ శ్రమ పడలేని పరిశోధకులు మా పిల్లల జోలికి రావద్దు. వార్డెన్ సంతకమున్న పత్రాన్ని ఆమోదించే ఎథిక్స్ కమిటీ సభ్యులు ముందు తమ సొంత బిడ్డ పత్రం మీద బడి హెడ్మాస్టరు చేత సంతకం పెట్టిస్తారో లేదో చెప్పాలి.