ఒక చక్రం, రెండు గేర్లు, వంద సలహాలు

బీటెక్ మెకానికల్ చదివి, బెంగళూరొచ్చి, జావా రాసుకుంటున్న తెలుగువాళ్లని చూసి జాలిపడేవాళ్లు ఇకమీదట ఆ జాలిని ఇంకెక్కడైనా వాడుకోవచ్చు. ఆ నాలుగేళ్ల చదువు వృథా కాలేదు. కైనమాటిక్స్ ఆఫ్ మెషినరీలో ఎపిసైక్లిక్ గేర్ ట్రైన్ అని, అంటే ఒక గేరు చుట్టూ ఇంకొన్ని గేర్లు తిరిగే అమరిక గురించి, ఒక పాఠం ఉంటుంది. పరీక్షలో దాన్ని టేబుల్ మెథడ్‌లో వేసి, ప్లస్సూ మైనస్సూ ఎక్కడో తారుమారై, సగం మార్కులతో బయటపడి, ఆ తర్వాత జన్మలో గేరు మొహం చూడకుండా మారతహళ్లి పీజీల్లో దిగినవాళ్లు వేలమంది. వాళ్లలో ఒక తెనాలివాడు చాలా ఏళ్ల తర్వాత ఆ లెక్క మళ్లీ వేశాడు. ఈసారి గుర్తులు సరిగ్గా వచ్చాయి. వచ్చిన జవాబుని ఇనుముతో చేయించి, ఒక చక్రం మధ్యలో బిగించి, పైన సీటు పెట్టాడు. గేరున్న ఒంటి చక్రం సైకిలు తయారైంది. జాతికి ఇది అవసరమా అని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్ల కోసమే ఈ వ్యాసం.

మామూలు యూనిసైకిల్‌కి చైను ఉండదు, ఫ్రీవీల్ ఉండదు. పెడల్ నేరుగా ఇరుసుకే ఉంటుంది కాబట్టి కాలు ఒక చుట్టు తిప్పితే చక్రం ఒక్క చుట్టే తిరుగుతుంది. వెనక్కి తొక్కితే వెనక్కి పోతుంది. ఆపడం కూడా కాలితోనే. 24 అంగుళాల చక్రమైతే చుట్టుకి 1.9 మీటర్లు. నిమిషానికి 80 చుట్లు చొప్పున ఆయాసపడి తొక్కినా గంటకి 9 కిలోమీటర్ల చిల్లరే. లాల్‌బాగ్‌లో జాగింగ్ చేసే రిటైర్డ్ తాతగారు పక్కకొచ్చి, క్షేమసమాచారాలు అడిగి, దాటుకుని వెళ్లిపోయే వేగం అది.

దీనికి పాతకాలపు మందు, చక్రాన్ని పెంచడం. పెన్నీ ఫార్దింగ్ అనే సైకిలుకి ముందు చక్రం మనిషి భుజాలంత ఎత్తు ఉండేది ఇందుకే. 1885లో జాన్ కెంప్ స్టార్లీ చైనున్న రోవర్ సైకిల్ తెచ్చాక గానీ ఆ దొరల కాళ్లు నేలకి అందలేదు. యూనిసైకిల్ వాళ్లు మాత్రం ఇప్పటికీ దూరాలు పోవాలంటే 36 అంగుళాల చక్రమే ఎక్కుతారు. కానీ 36 అంగుళాల చక్రాన్ని సాయంత్రం ఆరున్నరకి మెజెస్టిక్‌లో మెట్రో ఎక్కించడం మానవమాత్రులకి సాధ్యం కాదు.

అందుకని గేరు. మధ్యలో 24 పళ్ల సన్ గేర్. దాని చుట్టూ 12 పళ్ల ప్లానెట్లు మూడు. వాటిని చుట్టేసి, లోపలివైపు 48 పళ్లున్న రింగ్ గేర్. సూర్యుణ్ణి కదలనివ్వకుండా ఫ్రేముకి కట్టేసి, గ్రహాల్ని పట్టుకుని ఉండే చట్రాన్ని, అంటే క్యారియర్‌ని, పెడళ్లతో తిప్పితే రింగు ఒకటిన్నర రెట్లు తిరుగుతుంది. ఒకటికి 48లో 24, అంటే సగం, కలపడమే లెక్క. 24 అంగుళాల చక్రం మీద కూర్చుని 36 అంగుళాల చక్రాన్ని తొక్కుతున్నట్టు. స్విట్జర్లాండ్‌లో ఫ్లోరియన్ ష్లుంఫ్ అనే ఆయన ఇలాంటి రెండు గేర్ల హబ్, అంటే చక్రం మధ్యలో ఉండే డబ్బా, ముందే చేసి అమ్మిన మాట నిజమే. అయినా మనం వెనకపడ్డామని బాధపడక్కర్లేదు. సూర్యుడి రథానికి ఒకటే చక్రమని మన పురాణాలు ఏనాడో చెప్పాయి. ఏడు గుర్రాలు కట్టారు కాబట్టి గేర్లు అవసరపడలేదు. ఇక సారథిగా తొడలు లేని అనూరుణ్ణే ఎందుకు నియమించారో పండితులు రకరకాలుగా చెబుతారు గానీ, అరగంట యూనిసైకిల్ సీటు మీద కూర్చున్న ఎవరినడిగినా అసలు కారణం చెబుతారు.

దేశప్రయోజనం సంగతికొద్దాం. ఇదే హబ్‌ని 36 అంగుళాల చక్రంలో బిగించి అదే 80 చుట్లు తొక్కితే గంటకి 20.7 కిలోమీటర్లు. 2022లో బెంగళూరు నడిబొడ్డున 10 కిలోమీటర్లు కారులో పోవడానికి సగటున 29 నిమిషాల 10 సెకన్లు పట్టిందని ట్రాఫిక్ లెక్కలు కట్టే టామ్‌టామ్ సంస్థ లెక్క తేల్చింది. భాగిస్తే గంటకి 20.6. వంద మీటర్ల తేడాతో ఒంటి చక్రమే ముందుంది. మరి కారుకున్న మిగతా మూడు చక్రాలు ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు? ఈఎమ్ఐ కట్టించుకుంటున్నాయి.

ఇంత లెక్క కాగితం మీద సులువే. ఇనుములోకి దిగాలంటే బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యా వెళ్లాలి. అక్కడ ఏ లేత్ షాపులో డ్రాయింగ్ చాపినా మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని పీసులు సార్?" ఒకటే అని చెప్పగానే డ్రాయింగ్ మడత పడుతుంది. మూడో షాపులో మావాడు తెలివిమీరి, "ఇది శాంపిల్. తర్వాత వెయ్యి" అన్నాడు. డెడ్‌లైన్లు చెప్పీ చెప్పీ అలవాటైన నోరు కదా, తడబడలేదు. మాస్టర్ నమ్మాడని కాదు. చిత్తూరు నుంచి వచ్చి ముప్పయ్యేళ్లుగా అక్కడే లేత్ తిప్పుతున్న మనిషి, తెలుగు కుర్రాడి మొహం చూసి ఒప్పుకున్నాడు. బయటి పళ్లు హాబింగ్‌లో, అంటే హాబ్ అనే తిరిగే కత్తితో కోస్తే, వచ్చేస్తాయి. రింగ్ గేరు లోపలి పళ్లకి హాబ్ పనికిరాదు, పైకీ కిందికీ ఆడుతూ కోసే షేపర్ కావాలి, లేదంటే కరెంటు తీగతో కోసే వైర్‌కట్. ఈఎన్ 24 అనే గట్టి ఉక్కు ముక్క కొని, వైర్‌కట్ చేయించి, హీట్ ట్రీట్‌మెంట్‌కిస్తే అది కాస్త వంకరపోయి వచ్చింది. మళ్లీ గ్రైండింగ్. ఆ తర్వాత బేరింగ్ దూరలేదు, మళ్లీ మాస్టర్ దగ్గరికే. ఇంట్లో తయారైన హబ్ అని అందరూ గొప్పగా చెబుతున్నారు గానీ ఇంట్లో జరిగింది గ్రీజు పూయడం, వాళ్లావిడ చూసేలోపు సోఫా మీది గ్రీజు తుడవడం.

ఆదివారం కబ్బన్ పార్కులోకి వాహనాల్ని రానివ్వరు. ఇది వాహనం అవునో కాదో ఎవరికీ తెలియదు కాబట్టి పరీక్షలన్నీ అక్కడే. చుట్టూ గుండ్రంగా నిలబడ్డ మన తెలుగు ఔత్సాహికుల్లో యూనిసైకిల్ ఎక్కగలిగినవాళ్లు కొందరే. ఎక్కి గేరు మార్చగలిగినవాడు ఒక్కడు, అదీ కుదిరినప్పుడు. అభిప్రాయం చెప్పగలిగినవాళ్లు అందరూ. సహజంగానే ఈ మూడో వర్గానికే గౌరవం ఎక్కువ. కింద పడి మోచేయి గీరుకున్నవాడు డేటా మాత్రమే ఇస్తాడు. నిలబడి చూసినవాడు విశ్లేషణ ఇస్తాడు.

గేరు మార్చడం చూడాల్సిందే. చేతి దగ్గర లివర్ ఏమీ ఉండదు. ఇరుసు రెండు చివర్లా చెరో బొత్తాం. తొక్కుతూ తొక్కుతూనే మడమతో దాన్ని తన్నాలి. ఒకవైపు తంతే పై గేరు, రెండోవైపు తంతే కింది గేరు, అంటే మామూలు ఒకటికి ఒకటి. తన్నిన మరుక్షణమే పళ్లు పట్టుకోవు. పట్టుకునేదాకా పెడల్ ఒకచోట, చక్రం ఒకచోట, మనిషి ఇంకెక్కడో. పట్టుకున్నాక ఇంకో ముచ్చట. సూర్యుణ్ణి కదలకుండా ఆపాలంటే ఎవరో ఒకరు బలం పెట్టాలి కదా. కాలు పెట్టిన బలంలో మూడో వంతు ఆ పనికే ఫ్రేములోకి పోతుంది. ఫ్రేము పైచివర సీటు, సీటు మీద మనిషి. న్యూటన్ మూడో సూత్రాన్ని ఇంటర్‌లో బట్టీ పట్టినవాళ్లెవరూ అది చివరికి అక్కడ తగులుతుందని ఊహించి ఉండరు.

పడ్డాడు అని ఇక్కడ అనకూడదు. ఈ లోకంలో దాన్ని యూపీడీ అంటారు, అంటే ప్లాన్ చేసుకోకుండా దిగడం. మన బృందంలో ప్రాజెక్ట్ మేనేజరుగా చేసే నెల్లూరు అన్న ఒకాయన ఉన్నారు. సైకిల్ ఎక్కరు, ఎక్సెల్ షీట్ మాత్రం ఆయన దగ్గరే ఉంటుంది.

"రూట్ కాజ్ ఏంది తమ్ముడూ?"

"పడ్డానన్నా."

"అది ఇంపాక్ట్. నేనడిగేది రూట్ కాజ్."

"గేరు పట్టుకోలేదన్నా. పళ్ల మధ్య ప్లే, అదే సందు, ఎక్కువుంది."

"ప్లే ఉందని పోయిన వారమే చెప్పినావే. అది క్లోజ్ చేశామని రాసుకున్నా నేను."

"మీరు షీట్‌లో క్లోజ్ చేశారన్నా. హబ్‌లో అట్లాగే ఉంది."

దారినపోయే పెద్దమనుషుల సందేహాలు వేరు. సర్కస్‌లో ఎంతిస్తారు, ఇంట్లో తెలుసా, మైలేజ్ ఎంత. మైలేజ్ అడిగినాయనకి అనంతపురం కుర్రాడు "రెండిడ్లీకి ఆరు కిలోమీటర్లు అంకుల్, సాంబారు వేసుకుంటే ఏడు" అని చెబితే ఆయన సీరియస్‌గా తలూపి, "సిటీలోనా, హైవే మీదా?" అన్నారు. ఒకరోజు తెనాలివాడికి నిజంగానే గేరు పడింది. పై గేరులో నిటారుగా, చక్కగా, చెట్ల కింద చాలా దూరం పోయాడు. ఒక్కరూ వీడియో తీయలేదు. అప్పుడు అందరూ చక్రం లేకుండానే గ్రూప్ సెల్ఫీ దిగుతున్నారు.

నా ఉద్దేశంలో ఈ బండికి అన్నిటికంటే గొప్ప గుణం వేగం కాదు, అరువివ్వడానికి వీలుగా ఉండటం. మనవాళ్లకి అరువిచ్చిన వస్తువు ఏదైనా తిరిగొచ్చిందా? పుస్తకం రాదు, గొడుగు రాదు, ఆవకాయ పెట్టిచ్చిన జాడీ అసలే రాదు. కారు వస్తుంది, రిజర్వ్‌లో. ఇది అలా కాదు. తీసుకుని బయల్దేరినవాడు పదడుగుల అవతలే దొరుకుతాడు. తాళం అక్కర్లేదు, జీపీఎస్ అక్కర్లేదు. దొంగ ఎత్తుకుపోదలచుకున్నా భుజాన వేసుకుని పరుగెత్తాల్సిందే, అప్పుడు మనం నడిచి పట్టుకోవచ్చు. ఈ ధైర్యంతోనే ఇంటికో వారం చొప్పున వంతు పెట్టుకున్నారు. కేఆర్ పురం నుంచి హెచ్ఎస్ఆర్, అక్కణ్ణించి ఎలక్ట్రానిక్ సిటీ. ప్రతి మజిలీలో బండికి ఏదో ఒక మేలు జరిగింది. ఒకరు సీటు మార్చారు. ఒకరు స్పోకులు బిగించి, సరిగ్గా ఉన్న రిమ్‌కి బెండు తెచ్చారు. ఒకరు బొత్తాం పట్టేసిందని కొబ్బరినూనె పోశారు. ఆయుధపూజకి ఎవరింట్లో ఉంటే వాళ్లు పసుపు కుంకుమలు పెట్టి నిమ్మకాయ తొక్కించారు. కారుకి నాలుగు పట్టే చోట దీనికి ఒక్కటి చాలు. నిమ్మకాయల ధర తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

డ్రాయింగులు కూడా మావాడు ఉదారంగా అందరికీ ఇచ్చేశాడు. జ్ఞానం పంచుకుంటే పెరుగుతుందంటారు. పెరిగింది కూడా. నెల తిరిగేసరికి దాని మెరుగైన రూపాలు బోలెడు పుట్టుకొచ్చాయి. పళ్లు అవే, కొలతలు అవే, ఒకదాంట్లో మూల ఒకటి కాస్త గుండ్రంగా ఉంది. టైటిల్ బ్లాక్‌లో "డ్రాన్ బై" అన్నచోట మాత్రం ప్రతిదాంట్లో వేరే పేరు. "చెక్డ్ బై" అన్న గడి అన్నిట్లోనూ ఖాళీ. ఆ గడిలో పేరు రాస్తే ఎక్కి చూడాలని ఎవరైనా అంటారేమోనని భయం. ఆ తర్వాత సంఘం పెట్టారు. తెలుగువాళ్ల సంఘం కాబట్టి రెండో సంఘం వెంటనే వచ్చింది. ఇప్పుడు చక్రం ఒకటి, అధ్యక్షులిద్దరు. ఇద్దరికీ తొక్కడం రాదు కాబట్టి ఆ విషయంలో గొడవల్లేవు.

ప్రస్తుతం బండి వైట్‌ఫీల్డ్ అవతల ఒక అపార్ట్‌మెంటులో ఉంది. అక్కడ కొత్త చిక్కు. వాహనాలకి స్టిక్కర్ వేయించాలి. ఫారంలో టూ వీలర్, ఫోర్ వీలర్ అని రెండే గడులున్నాయి. సెక్యూరిటీ అతను రెండూ కొట్టేసి, పక్కన చక్రం బొమ్మ వేసి సంతకం పెట్టమన్నాడు. టూ వీలర్‌కి నెలకి 200 రూపాయల పార్కింగ్ కాబట్టి చక్రానికి వంద చొప్పున వందే కడతానని మావాళ్లు. అసోసియేషన్ సెక్రటరీ ఒంగోలు ఆయన, ఆడిటర్ కూడా. గేరు లేని యాక్టివాకే 200 తీసుకుంటుంటే గేరున్న బండికి తగ్గించేదెలా అని అడుగుతున్నారు. కింది గేరులో ఉన్నప్పుడు అది గేరు లేని బండితో సమానమేనని మావాళ్లు లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. పార్క్ చేసినప్పుడు ఏ గేరులో ఉందో ఎవరు చూస్తారని ఆయన తిరిగి రాశారు. వ్యవహారం ఏజీఎమ్‌కి, అంటే అసోసియేషన్ వార్షిక సమావేశానికి, వెళ్లింది. ఎజెండాలో బోరు మోటారు రిపేరు తర్వాతి అంశం ఇదే.