మాన్పించి ఎక్కడికి పంపుతున్నారు?

మద్యం షాపుల లాటరీ అంటే రెండు తెలుగు ప్రభుత్వాలకూ పండగే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 షాపులకు దరఖాస్తులు పిలిస్తే, తిరిగివ్వని ఫీజు రూపంలోనే దాదాపు 1,800 కోట్లు వచ్చిపడ్డాయి. 2025లో తెలంగాణ ఆ ఫీజును 2 లక్షల నుంచి 3 లక్షలకు పెంచి, 2,620 షాపుల మీద సుమారు 2,850 కోట్లు రాబట్టుకుంది. ఒక్క సీసా మూత తియ్యకముందే ఇంత ఆదాయం! ఆ సీసాకు బానిసై, ఆస్పత్రిలో చేరి, మానేసి బయటికొచ్చిన మనిషికి నాలుగు నెలలు తలదాచుకునే చోటు, అంటే హాఫ్‌వే హోం, అడిగితే మాత్రం నిధుల కొరత గుర్తొస్తుంది.

తాగుడు మాన్పించే డీఅడిక్షన్ వార్డులో చేతుల వణుకు తగ్గిస్తారు, నిద్ర పట్టిస్తారు, మాత్రల చీటీ చేతిలో పెట్టి ఇంటికి పొమ్మంటారు. బస్సు దిగగానే ఎదురుగా వైన్‌షాపు, పక్కనే పర్మిట్ రూమ్, అందులో పాత జట్టు. 'ఒక్క పెగ్గుకే ఏమైపోతావురా' అని పిలుపు. ఇంటికెళితే అప్పులవాళ్లు, నమ్మకం చచ్చిపోయిన భార్య. మేస్త్రీ పనికి పిలవడు. కొన్నాళ్లకు మళ్లీ అదే వార్డు. అప్పుడు అందరం కలిసి 'వాడికి బుద్ధి రాలేదు' అని తేల్చేస్తాం.

హాఫ్‌వే హోం అంటే రాజభవనం కాదు. పది పన్నెండు మంచాలు పట్టే అద్దె ఇల్లు, ఒక వార్డెన్, వచ్చిపోయే కౌన్సెలర్. పగలు పనికెళ్లాలి, రాత్రి టైముకు రావాలి, తాగలేదని గేటు దగ్గర గాలి ఊది చూపించాలి, వంతులేసుకుని వండుకోవాలి. ఇది మేం కొత్తగా కోరుతున్న వరమూ కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక స్థితులనూ తన పరిధిలోకి తెచ్చింది. హాఫ్‌వే హోంలను ప్రభుత్వం కల్పించాల్సిన సేవల్లో చేర్చింది. మీ జిల్లాలో ఎన్ని ఉన్నాయో కలెక్టరేట్‌కు వెళ్లి అడిగి చూడండి.

కుటుంబమే చూసుకోవాలనీ, కాలనీల మధ్య ఇలాంటి హాస్టళ్లు వద్దనీ అనేవాళ్లున్నారు. అదే కాలనీలో పర్మిట్ రూమ్ ఉంటే సర్దుకుపోతున్నాం కదా!

గంజాయి పట్టుకోవడానికి రెండు రాష్ట్రాల్లోనూ ఈగల్ పేరుతో పోలీసు బృందాలు పెట్టారు, మంచిదే. ఏటా జూన్ 26న, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం నాడు, బడిపిల్లలతో ప్రతిజ్ఞలూ చేయిస్తారు. కానీ మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో ఎయిమ్స్ సర్వే తేల్చింది. ఆ ఒక్కణ్నీ తీసుకెళ్లి మళ్లీ షాపు ముందే దించుతున్నారు. అమ్మేదీ మీరే, మానమనేదీ మీరే, మానేసినవాణ్ని నడిరోడ్డు మీద వదిలేసేదీ మీరేనా?

వచ్చే బడ్జెట్‌లో ఎక్సైజ్ ఆదాయం పక్కనే ఈ ఇళ్ల పద్దు కూడా రాయండి, జిల్లాకొకటి చొప్పున. అదీ చేతకాదంటే, మద్యం మహమ్మారి గురించి మైకుల ముందు కన్నీళ్లు పెట్టుకోవడమైనా మానుకోండి.