నీటి లెక్క ఊరి చేతిలో ఉండాలి

‘ప్రజల భాగస్వామ్యం’ అన్న మాట లేకుండా ఇప్పుడు ఏ ప్రాజెక్టు నివేదికా తయారు కావడం లేదు. ఆచరణలో అది చాలాచోట్ల గ్రామసభకు షామియానా వేసి, హాజరు పట్టీలో సంతకాలు పెట్టించి, ఫొటో దిగడంతో సరి. ఇంతకుమించి సాధ్యం కాదనేవారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన ఒక ప్రయత్నాన్ని గుర్తు చేసుకోవాలి.

1990ల్లో నెదర్లాండ్స్ సాయంతో ఏపీవెల్ పథకం కింద సన్న, చిన్నకారు రైతులకు బోర్లు వేయించారు. బోరు వేసినంత మాత్రాన నీళ్లు నిలవవని తెలిసొచ్చింది. ఆ తర్వాత అదే దేశం నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) తోడ్పాటుతో, రైతులే భూగర్భజలాల బాగోగులు చూసుకునే ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ ప్రాజెక్టు వచ్చింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో, కరవుకు అలవాటుపడ్డ పల్లెల్లో అది నడిచింది. ఈసారి సబ్సిడీ లేదు. ఇచ్చిందల్లా కొలిచే పరికరాలు, కొలవడం నేర్పే బడి.

ఎంపిక చేసిన బోర్లలో పదిహేను రోజులకోసారి తీగ దింపి నీటిమట్టం చూసింది రైతులే. పంపు కింద డ్రమ్ము పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూసి రిజిస్టరులో రాసుకున్నారు. అసలు పని రబీకి ముందు జరిగే ఊరి సభలో. వానలకు భూమిలోకి ఇంకిందెంత, ఎవరు ఏ పంట వేద్దామనుకుంటున్నారు, దానికి నీరెంత కావాలి? అందరి ముందే కూడికలు, తీసివేతలు. లోటు తేలినా వరి వేయొద్దని ఆపే అధికారం ఆ సభకు లేదు. అయినా చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ప్రకృతి మీద ప్రేమతోనే అనుకోనక్కర్లేదు, పొట్ట దశలో బోరు ఎండితే పెట్టుబడంతా పోతుందన్న టెన్షన్ చాలు.

బోరుకు అనుమతి తప్పనిసరి చేసిన వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం 2002 నుంచీ ఉంది. రిగ్గు లారీ రాత్రికి రాత్రి వచ్చి పని ముగించుకుపోయే ఊళ్లలో దాని విలువెంతో అందరికీ తెలిసిందే. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. దాన్ని తప్పుపట్టం, కాలువ నీళ్లు ఎరుగని మెట్ట రైతుకు దక్కిన ఆసరా అదొక్కటే. కానీ మోటారుకు ఉచిత కరెంటు ఏటా అందుతోంది. ఊరి రిజిస్టరు మాత్రం ప్రాజెక్టు గడువుతో ముడిపడిపోయింది. గడువు తీరాక దాన్ని ఎవరు రాయాలి?

2019 డిసెంబరులో కేంద్రం అటల్ భూజల్ యోజన ప్రారంభించింది. పంచాయతీ స్థాయిలో నీటి బడ్జెట్ వేసుకోవడం అందులో కీలకం. ఎంపికైన ఏడు రాష్ట్రాల్లో, ఆ పని ముందే చేసి చూపించిన తెలుగు నేలకు చోటు లేదు. అలాగని ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలున్నాయి, తెలంగాణలో రైతు వేదికలున్నాయి. భూగర్భజల శాఖ దగ్గరున్న నీటిమట్టం అంకెలు ప్రతి నెలా అక్కడి బోర్డు మీదికి రావాలి. యాసంగికి ముందు సభ పెట్టి లెక్క తేల్చాకే ఉపాధి హామీలో ఏ చెరువు పూడిక తీయాలో, ఎక్కడ చెక్‌డ్యాం కట్టాలో నిర్ణయించాలి.

రైతు లెక్క చూసి వరి మానేస్తే సర్కారుకు కూడా ఒక పని పడుతుంది. వడ్లకు ఊరూరా కొనుగోలు కేంద్రం ఉంది, జొన్నలకు, కందులకు ఆ భరోసా లేదు. నా పంట ఎవరు కొంటారని సభలో రైతు అడిగితే జవాబు చెప్పాల్సింది సర్పంచ్ కాదు, మార్కెటింగ్ శాఖ.