గర్భగుడిలో కూలింగ్ కాయిల్

మా శ్రీకాకుళానికి ఆనుకునే అరసవల్లి ఉంది. ఏటా మార్చిలోను, అక్టోబరులోను కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు అనివెట్టి మండపం దాటి, గర్భగుడిలోకి నేరుగా వెళ్లి, సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. ఆ గుడి కట్టిన శిల్పులు ఎంత చాదస్తులో చూడండి. లోపల ఉన్నదాన్ని చేరుకోవడానికి ఒక దారి ఉండాలని అనుకున్నారు! నేటి కారు ఇంజినీర్లకు అలాంటి బలహీనతలు లేవు. నా కారు ఏసీలో గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌ను ఆ సూర్యుడు ఏనాడూ చూడలేదు. పోయిన నెల వరకు నేనూ చూడలేదు.

రెండు వేసవులుగా ఆ కారు ఏసీకి గ్యాసు నింపిస్తున్నాను. నింపిన నెలకే మళ్లీ వేడిగాలి. మూడోసారి వెళ్లినప్పుడు మెకానిక్ బానెట్ ఎత్తి, గొట్టాల కీళ్లన్నింటికీ సబ్బు నురగ రాసి చూశాడు. ఎక్కడా బుడగ లేదు. కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయిందని చెప్పడానికి వచ్చిన పెద్దమనిషిలా కాసేపు చేతులు తుడుచుకుని, "మాస్టారూ, కాయిల్ పోయింది. డ్యాష్‌బోర్డు దించాలి" అన్నాడు. కాయిల్ ధర చెప్పాడు. అక్కడి దాకా వెళ్లి రావడానికి అయ్యే కూలీ కూడా చెప్పాడు. దేవుడికి కొబ్బరికాయ చాలు, ఖర్చంతా కొండ ఎక్కడానికే.

దీన్ని లోపం అనేవారు ఉన్నారు. వారి అజ్ఞానానికి జాలిపడి కొంత వివరిస్తాను. ఫ్యాక్టరీలో కాయిల్, గాలి తోసే బ్లోయరు, చల్లగాలిని అటూ ఇటూ మళ్లించే రెక్కలు, అన్నీ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో సర్ది ముందుగా బిగిస్తారు. దాని మీద ఇనుప దూలం, దాని మీద డ్యాష్‌బోర్డు, ఆపైన స్టీరింగు. కారును లోపలి నుంచి బయటికి కడతారు, బాగుచేసేవాడు మాత్రం బయటి నుంచి లోపలికి రావాలి. బిగించేవాడికి కంపెనీ జీతమిస్తుంది కనుక వాడి చేతికి ఏది ఎక్కడ అందాలో క్షణాలతో సహా లెక్కవేస్తారు. విప్పేవాడికి జీతమిచ్చేది నేను. నన్ను ఎవరు లెక్కవేస్తారు? పెళ్లికూతురికి హారం వేసి, కొక్కెం విప్పుకునే వీలు లేకుండా టంకం పెట్టి పంపినట్టు ఉంటుంది ఈ పనితనం.

ఈ స్థాయికి చేరడానికి మానవజాతి కష్టపడింది. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తొలిసారి ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించిన కారు తెచ్చినప్పుడు ఆ కాయిల్ వెనుక డిక్కీలో ఉండేది. పెట్టెలు పెట్టుకునే చోటు పోయేది, నిజమే. ఏసీ ఆపాలంటే ఇంజిను ఆపి, కిందికి దిగి, కంప్రెసరు బెల్టు ఊడదీయాల్సి వచ్చేది. కానీ డిక్కీ మూత ఎత్తితే కాయిల్ కనబడేది. ఎంత అసభ్యం! 1954లో నాష్ కంపెనీ ఏసీ సరంజామా మొత్తాన్ని కారు ముందు భాగానికి తెచ్చింది. అప్పటి నుంచి ఆ కాయిల్ పరదా దాటి బయటికి రాలేదు.

అసలు డ్యాష్‌బోర్డు అనేది గుర్రపు బండి మాట. గుర్రం డెక్కల నుంచి ఎగిసే బురద బండివాడి మీద పడకుండా ముందు కట్టే పలక అది. గుర్రం పోయింది, బురద ఉంది, పలక మాత్రం పదవిలో కొనసాగుతోంది. కాకపోతే ఇప్పుడది అడ్డుపడేది బురదకు కాదు, యజమానికి.

కాయిల్ ఎందుకు పోయిందని అడిగాను. పల్చని అల్యూమినియం. చల్లబడినప్పుడు గాలిలోని తేమ దాని మీద నీరుగా పడుతుంది. సముద్రం పక్క జిల్లా, మా గాలిలో తేమకు కరవు లేదు. ఆ తడికి దుమ్ము, వేపాకు ముక్కలు అంటుకుని నానుతాయి. నానినచోట లోహం నెమ్మదిగా తినుకుపోతుంది, చివరికి సూదిమొన రంధ్రం. అంటే తడిసి చెడిపోయే స్వభావం ఉన్న వస్తువును ఏరికోరి చెయ్యి పోని చోట పెట్టారు. చెయ్యి పోతే తుడిచి చెడగొడతామని కాబోలు.

దించే రోజు నేనూ వెళ్లాను. ముందుగా ఉన్న గ్యాసు లాగేశారు. బ్యాటరీ వైరు తీసి ఊరికే కూర్చున్నారు. ఎయిర్‌బ్యాగులో దాచుకున్న కరెంటు దిగాలట. అంతసేపు టీ తాగాం. తర్వాత స్టీరింగు మీది ఎయిర్‌బ్యాగును ఊడదీసి, ముఖం పైకి ఉండేలా దూరంగా బల్ల మీద పడుకోబెట్టారు, నిద్రపోతున్న పసిపిల్లను లేపకూడదన్నంత మెల్లగా. ఆపైన క్లిప్పులు. ప్రతి క్లిప్పూ టక్కుమన్నప్పుడల్లా నా గుండె కూడా టక్కుమంది. మరలను జాతుల వారీగా టిఫిను గిన్నెల మూతల్లో పోశారు. చివరికి ఇద్దరు మనుషులు డ్యాష్‌బోర్డును పట్టుకుని, పల్లకీ మలుపు తిప్పినట్టు ముందు తలుపులోంచి బయటికి తెచ్చారు. లోపల ఒక మడపాం టోల్‌గేటు రసీదు, మా ఆవిడ మూడేళ్లుగా పనిమనిషిని అనుమానిస్తున్న చెవిదుద్దు దొరికాయి. రసీదు తీసుకుని దుద్దు సంగతి ఇంకా ఇంట్లో చెప్పలేదు. పనిమనిషి దగ్గర క్షమాపణ చెప్పాల్సింది ఎవరో తేలాక చెబుతాను.

పలాసలో జీడిగింజ కొట్టి పప్పు తీసేవారికి ఇందులో వింత కనబడదు. కాకపోతే పప్పు తీశాక పెంకును మళ్లీ అతికించమని వారిని ఎవరూ అడగరు.

మా బావగారు అంబాసిడర్ మనిషి. "దాంట్లో ఏది పాడైనా పానా ఉంటే చాలు, బానెట్‌లోకి మనిషే దిగేవాడు" అని మొదలుపెట్టారు. అందుకే 2014లో దాని ఉత్పత్తి ఆగిపోయిందని గుర్తుచేశాను. అందరికీ లొంగేదానికి గౌరవం ఎక్కడుంటుంది? కొన్ని కార్లలో ఈనాటికీ గ్లోవ్ బాక్సు తీసేస్తే పక్క నుంచే కాయిల్ లాగేయవచ్చు. అవి కొన్నవారిని చూస్తే బాధేస్తుంది. సొంత కారు అస్థిపంజరం చూసే భాగ్యం వారికి లేదు. పైగా 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం కమిటీ వేసి, వాహనాలను కూడా ఆ జాబితాలో చేర్చింది. ఈ ధోరణి ముదిరితే రేపు కాయిల్‌కు ఎదురుగా ఒక చిన్న మూత పెడతారు. నాలుగు మరలు, అరగంట పని. అప్పుడు షెడ్డు పక్క టీ కొట్టు ఏం కావాలి?

సాయంత్రానికి కొత్త కాయిల్ ఎక్కింది. పాతది చూపించమన్నాను. నోటుపుస్తకమంత ఉంది. రంధ్రం ఎంత వెతికినా నా కంటికి ఆనలేదు. మెకానిక్ ఒక గొట్టం మూసి, రెండో గొట్టంలోకి గాలి కొట్టి, పంక్చరు ట్యూబును చూసినట్టు బకెట్ నీళ్లలో ముంచాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక మూల నుంచి ఆవగింజంత బుడగ ఒకటి పైకి వచ్చి పేలింది.

"ఏదీ, మరోసారి" అన్నాను.

ఇంకోటి వచ్చింది.

"బిల్లు రాసెయ్యమంటారా మాస్టారూ?" అన్నాడు.