లాస్ వేగస్ వాల్వు మూత గారికి

మహారాజశ్రీ మూత గారి సముఖానికి,

లాస్ వేగస్ వీధిలో నీటి వాల్వును కప్పి ఉండే తమరు 2023 నవంబరు 16 రాత్రి ఫార్ములా వన్ కార్ల పందెంలో చేసిన పనికి ఇంతవరకు ఎవరూ తమకు శాలువా కప్పలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ ఉత్తరం.

ఫార్ములా వన్ 1981, 82లలో ఆ ఊళ్లోనే ఒక హోటలు పార్కింగు స్థలంలో పందెం నడిపి, చేతులు దులుపుకొని పోయింది. ఈసారి ఏకంగా నడివీధినే ట్రాక్‌గా మార్చుకుంది. 6.2 కిలోమీటర్లు, జూదశాలల దీపాల నడుమ రాత్రి పందెం. గ్యాలరీలు కట్టడానికి ఫౌంటెన్ పక్కన చెట్లు కొట్టేశారు. డ్రైవర్లను వేదికలెక్కించి బొమ్మల కొలువు పెట్టారు. ఇది 99 శాతం తమాషా, ఒక్క శాతమే క్రీడ అని డ్రైవర్ వెర్‌స్టాపెన్ పెదవి విరిచాడు. మిగిలిన ఆ ఒక్క శాతం మీద తమరి కన్ను పడింది.

మొదటి ప్రాక్టీసు మొదలై పది నిమిషాలైనా కాలేదు. సైన్జ్ అనే డ్రైవరు నడుపుతున్న ఫెరారీ దూసుకొస్తోంది. ఈ కార్లు నేలను కరుచుకొని పరుగెడతాయి. అడుగున గాలి ఒత్తిడి పడిపోవడంతో, వదులుగా ఉన్న దేన్నయినా పైకి లాగేస్తాయి. తమరి చుట్టూ పోసిన కాంక్రీటు చట్రం విరిగింది, తమరు లేచి కారు అడుగును గుద్దారు. ఛాసిస్ (కారు మూల నిర్మాణం), ఇంజను, బ్యాటరీ అన్నీ పోయాయి. మరో డ్రైవరు ఓకాన్ కారుకూ కాస్త ప్రసాదం అందింది.

అసలు వినోదం ఆ తర్వాతే. నేరం తమది, శిక్ష సైన్జ్‌ది. కొత్త బ్యాటరీ బిగించినందుకు గ్రిడ్‌లో, అంటే పందెం బయలుదేరే వరుసలో, పది స్థానాలు వెనక్కి! మినహాయింపు ఇవ్వాలని మాకూ ఉంది, నిబంధనల్లో ఆ అధికారం లేదు అని స్టీవార్డులు (పందెం తీర్పరులు) రాతపూర్వకంగా నిట్టూర్చారు. అత్త మీద కోపం దుత్త మీద చూపారనడానికీ లేదు. వాళ్లకు అత్త మీద కోపమే లేదు. ఆ వరుస తేల్చే క్వాలిఫయింగ్‌లో రెండోవాడైన సైన్జ్ పన్నెండో స్థానం నుంచి బయలుదేరాడు.

ఇక ప్రేక్షకులు. అర్ధరాత్రి జరగాల్సిన రెండో ప్రాక్టీసు తెల్లవారుజామున రెండున్నరకు మొదలైంది. అప్పటికే అందరినీ గేటు బయటికి పంపేశారు. కారణాల్లో సిబ్బంది పనివేళలు కూడా ఉన్నాయట. చలిలో గంటల తరబడి కూర్చున్నందుకు దక్కిన కార్ల దర్శనం ఆ కాసేపే. ఆ గురువారానికి మాత్రమే టికెట్ కొన్నవారికి మాత్రం 200 డాలర్ల కూపను ఇస్తామన్నారు, అధికారిక దుకాణంలో వాడుకోవడానికి. దానితో ఎవరి టోపీ వాళ్లే కొని పెట్టుకోవచ్చు.

ఇలా జరుగుతుందని ఎవరూ ఊహించలేదనడం కుదరదు. 2019లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో తమరి జ్ఞాతి ఒకరు రస్సెల్ కారును ఇలాగే చీల్చారు. (ఆ కారును మోసుకెళ్తున్న క్రేను వంతెనకు తగిలి, దానిమీదే నూనె కార్చింది. తమరి కుటుంబానికి క్రేన్ల సహకారం కూడా ఉందన్నమాట.) అయినా పునాది గట్టిదో కాదో చూడటానికి ఒక ఫెరారీ కావలసి వచ్చింది. ఆ రాత్రే తమరి తోబుట్టువులను పీకి, గుంతల్లో ఇసుక, తారు నింపారు. అదే పని వారం ముందు చేసి ఉంటే తమరి పేరు ఎవరికీ తెలిసేది కాదు.

నిజం చెప్పాలంటే శనివారం పందెం బాగుంది. లెక్లెర్ చివరి ల్యాప్‌లో పెరెజ్‌ను దాటి రెండో స్థానం లాక్కున్నాడు. గెలిచింది ఆ 99 శాతం వెర్‌స్టాపెనే. సైన్జ్ ఆరో స్థానానికి వచ్చాడు. వీలుంటే అతనికి ఒక క్షమాపణ ఉత్తరం రాయండి. ఆ పనికి తమకు ఏ నిబంధనా అడ్డురాదు.

ఇట్లు,
కూపను దక్కని ఒక టీవీ ప్రేక్షకుడు